రికార్డు గడువు తీరింది, బాణీ బాకీ తీరలేదు

తెల్లవారుజామున గుడి మైకులో, టీకొట్టులో, కొండెక్కే బస్సులో, ఇప్పుడు చేతిలోని ఫోనులో మోగే వేంకటేశ్వరుడి పాటల మీద వచ్చే డబ్బు ఎవరికి చేరుతోంది? తిరుపతిలో ఈ ప్రశ్న కొత్తది కాదు. అన్నమయ్య జయంతి వచ్చినప్పుడు, పేరున్న విద్వాంసులు ఎవరైనా కన్నుమూసినప్పుడు మళ్లీ లేస్తుంది, నాలుగు రోజులు నలిగి సద్దుమణుగుతుంది. ఇకమీదట దాన్ని అలా పక్కన పెట్టడానికి వీల్లేదు. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గొంతులో హెచ్‌ఎంవీ వెలువరించిన వేంకటేశ సుప్రభాతం ఎల్పీ 1963 నాటిది. భారత కాపీరైటు చట్టం 27వ సెక్షన్ శబ్దముద్రణకు ఇచ్చే రక్షణ, అది వెలువడిన మరుసటి సంవత్సరం మొదలుకొని 60 ఏళ్లు. అంటే 2023 డిసెంబరు 31తో ఆ ముద్రణపై మన దేశంలో ఏకహక్కు ముగిసింది. దక్షిణాదిలో బహుశా అన్నిటికన్నా ఎక్కువసార్లు మోగిన ఆ రికార్డు ఇవాళ ఎవరైనా ప్రతి తీసుకోగల ఉమ్మడి సొత్తు. దాని వెనకాలే మరెన్నో రికార్డులు ఒక్కొక్కటిగా ఆ గడువుకు చేరుకుంటాయి. అప్పుడు మిగిలే హక్కులు ఏవి, అవి ఎవరివి అన్నది ముందుగానే తేల్చుకోవాలి. నా వాదన సూటిగా చెబుతాను. ఈ పాటల లెక్కల్లో సాహిత్యం దగ్గర అన్నమయ్య పేరుంది, గొంతు దగ్గర గాయకుల పేరుంది, పెట్టుబడి దగ్గర కంపెనీ పేరుంది. బాణీ కట్టినవారికి మాత్రం చోటు లేదు. ఆ చోటు కల్పించే శక్తీ, బాధ్యతా తిరుమల తిరుపతి దేవస్థానానివే.

సుప్రభాతం రికార్డు చరిత్రలో ఒక మంచి ఉదాహరణ దాగి ఉంది. 15వ శతాబ్దంలో ప్రతివాది భయంకరం అణ్ణన్ రచించినట్టు సంప్రదాయం చెప్పే ఆ స్తోత్రం శతాబ్దాలుగా ఆనందనిలయం ముంగిట వినిపించేది. 78 ఆర్‌పీఎం పళ్లెం మీద ఒక వైపు మూడు నిమిషాలకు మించి పట్టేది కాదు గనుక, అంత నిడివి గల పఠనం ఆ రోజుల్లో ఇంటింటి వస్తువు కాలేకపోయింది. ఎల్పీ వచ్చి ఒక వైపు ఇరవై నిమిషాలు పట్టడంతో గర్భగుడి ముందరి సేవ వరండాలోకి వచ్చింది. ఎల్పీ పోయి క్యాసెట్ వచ్చింది, క్యాసెట్ పోయి సీడీ, సీడీ పోయి పెన్‌డ్రైవ్. హెచ్‌ఎంవీ వారసురాలు సరిగమ 2017లో తెచ్చిన కారవాన్ పెట్టె పాత పాటలను పెద్దల చేతికి మళ్లీ అందించింది. ఇప్పుడు స్ట్రీమింగ్. సినిమా పాట ఏడాదికి పాతబడుతుంది. ఈ పాటను మాత్రం ఒకే మనిషి ఒకే పూట, ఏళ్ల తరబడి, రోజూ వింటాడు. వ్యాపార పరిభాషలో ఇంతకు మించిన ఆస్తి ఉండదు. దానిపై వచ్చే రాయల్టీని సుబ్బులక్ష్మి తన దగ్గర ఉంచుకోలేదు, దేవస్థానం నడిపే వేదపాఠశాలకు రాసి ఇచ్చారు. ఏకహక్కు ముగిశాక ఆ రాయల్టీకి చట్టం వైపు నుంచి ఉన్న ఆధారం సన్నగిల్లుతుంది. దాన్ని కొనసాగించాలా వద్దా అనేది ఇకపై కంపెనీ ఇష్టం మీద, పాత ఒప్పందపు మాటల మీద ఆధారపడుతుంది. వేదపాఠశాల విద్యార్థుల ఖర్చుకు ఈ మొత్తం పెద్దదా చిన్నదా అన్నది కాదు ఇక్కడ విషయం. ఒక గాయని చేసిన దానం ఎంతకాలం నిలుస్తుందో ఒక సెక్షన్ నిర్ణయించే పరిస్థితి వచ్చిందన్నదే విషయం.

దేవస్థానం తానే పూనుకుని చేయించిన రికార్డుల కథ ఆ తర్వాతిది. 1978లో అన్నమాచార్య ప్రాజెక్టు మొదలైంది. అప్పటి కార్యనిర్వహణాధికారి పి.వి.ఆర్.కె. ప్రసాద్ హయాంలో, 1979-80 ప్రాంతంలో సుబ్బులక్ష్మి చేత ‘బాలాజీ పంచరత్నమాల’ పేరుతో అయిదు ఎల్పీలు పాడించారు. అన్నమయ్య కీర్తనలు, స్తోత్రాలు కలిసిన సంపుటాలవి. సుబ్బులక్ష్మి, సదాశివం దంపతులు ఆర్థికంగా చితికిపోయిన ఆ రోజుల్లో, ఊరికే ఇస్తే పుచ్చుకోరు గనుక పని అప్పగించి గౌరవంగా అండనివ్వాలన్న ఆలోచన ఆ ఆల్బంల వెనక ఉందని ప్రసాద్ తన జ్ఞాపకాల్లో రాశారు. అరవై దాటిన వయసులో, తెలుగు మాతృభాష కాని గాయని, అప్పటిదాకా కచేరీల్లో అంతగా వినపడని కీర్తనలను కొత్తగా నేర్చుకుని స్టూడియోలో నిలబడి పాడారు. ఫలితం అందరికీ తెలిసిందే. తాళ్లపాక పదాలు తెలుగు నేల దాటి మద్రాసు సభలకూ, ప్రవాసుల పూజగదులకూ వెళ్లింది ఎక్కువగా ఈ అయిదు పళ్లాల మీదే. తిరుపతి పూర్ణకుంభం కూడలిలో ఆమె కాంస్య విగ్రహం నిలబడటానికి సుప్రభాతం ఎంత కారణమో, పంచరత్నమాల కూడా అంతే కారణం అంటాను.

ఒక ప్రభుత్వ పర్యవేక్షణలోని ధార్మిక సంస్థ సంగీత నిర్మాతగా మారి, కళాకారిణికి భృతి కల్పిస్తూ, తన సొంత వారసత్వాన్ని బజారులోకి పంపడం దేశంలో అరుదైన ప్రయోగం. కళాకారులను ఎలా చూసుకోవాలన్న స్పృహ దేవస్థానానికి ఆనాడే ఉందనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. అయితే ఆ చూపు అప్పుడు గొంతు మీద ఆగింది. బాణీ దాకా రాలేదు.

రాగిరేకుల మీద లేనిది

ఇక్కడ అన్నమయ్య వాఙ్మయం తీరు కొంచెం వివరంగా చెప్పాలి. వాదన అంతా దీని మీదే నిలుస్తుంది. 1408 నుంచి 1503 దాకా జీవించిన అన్నమయ్య 32 వేల సంకీర్తనలు రచించారని ప్రతీతి. తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండాగారంలో రాగిరేకుల మీద దొరికి, మనకు మిగిలినవి అందులో సగానికన్నా తక్కువ. 1920ల్లో సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి వంటివారి కృషితో ఆ రేకులు వెలుగులోకి వచ్చాయి. వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటి పండితులు వాటిని పరిష్కరించి అచ్చువేయించారు. ప్రతి కీర్తన తలమీద రాగం పేరు చెక్కి ఉంది. స్వరం లేదు. త్యాగరాజ కృతులకు శిష్యపరంపర ఉంది, గురువు నోటి నుంచి శిష్యుడి నోటికి పాఠం వచ్చింది, పాఠాంతరాలున్నా మూలం ఆయనదే. అన్నమయ్యకు ఆ గొలుసు తెగిపోయింది. కనుక ఇవాళ మనం వింటున్న అన్నమయ్య కీర్తనలో మాట మాత్రమే అన్నమయ్యది. పాట 20వ శతాబ్దంలో పుట్టింది. చాలా కీర్తనలకు రేకు మీది రాగం ఒకటి, ఈనాడు పాడే రాగం మరొకటి.

ఆ పాటను పుట్టించినవారు మన మధ్య నడిచినవారే. అనంతపురం జిల్లాలో పుట్టి, మైసూరులో పాఠం చెప్పి, తిరుపతి వచ్చి రేకులతో కాలం గడిపిన రాళ్లపల్లి నూరుకు పైగా కీర్తనలకు స్వరం కూర్చారు. 1979లో కన్నుమూశారు. నేదునూరి కృష్ణమూర్తి బాణీలు లేకపోతే నేటి కచేరీ వేదిక మీద అన్నమయ్య ఇంతగా ఉండేవాడు కాదు. ‘నానాటి బతుకు’ అనగానే చెవిలో పలికే రేవతి రాగం ఆయన పెట్టిన భిక్ష. సుబ్బులక్ష్మి గొంతులో అది దేశమంతా తిరిగింది. ఆయన 2014లో వెళ్లిపోయారు. ప్రాజెక్టు తొలి సంవత్సరం నుంచే దేవస్థానంతో ముడిపడిన గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ ఆరు వందలకు పైగా సంకీర్తనలకు బాణీ కట్టి, ఊంజల్ సేవలో, నాదనీరాజనం వేదిక మీద, ఊరూరి మందిరాల్లో పాడారు. 2025 మార్చి 9న తిరుపతిలోనే తనువు చాలించారు. చిత్తూరు జిల్లా వాయల్పాడులో పుట్టిన శోభారాజు ప్రాజెక్టు తొలినాళ్ల గాయని. తర్వాత హైదరాబాదులో అన్నమాచార్య భావనా వాహిని స్థాపించి ఒక తరానికి ఈ పాటలు నేర్పారు. వీళ్లు కట్టిన వరుసలు ఇవాళ పెళ్లిలో మంగళవాద్యాల మీద, బడిపిల్లల పోటీల్లో, యూట్యూబ్ వీడియోల్లో తిరుగుతున్నాయి. కింద పేరు చూడండి. ‘రచన: అన్నమాచార్య’ అని ఉంటుంది. సంగీతం దగ్గర చాలాచోట్ల ‘సంప్రదాయం’ అని రాస్తారు, లేదా వాద్యాలు సమకూర్చినవారి పేరు పెడతారు. దేవస్థానం ప్రచురించిన స్వరసహిత పుస్తకాల్లో స్వరకర్త పేరు ఉంటుంది. ఆ పేరు పుస్తకం దాటి పాటతో పాటు ప్రయాణించడం లేదు.

చట్టం ఒక పాటను మూడు పొరలుగా చూస్తుంది. మాట, బాణీ, ముద్రణ. అన్నమయ్య మాటకు హక్కుదారు లేరు, ఉండకూడదు కూడా. ముద్రణకు 60 ఏళ్లు అని చూశాం. పంచరత్నమాల ముద్రణల గడువు ఆ లెక్కన 2040 ప్రాంతంలో ముగుస్తుంది. బాణీకి వేరే కొలత. స్వరకర్త జీవితకాలం, మరణించిన మరుసటి ఏడాది నుంచి ఇంకో 60 ఏళ్లు. రాళ్లపల్లి బాణీలకు 2039 చివరి దాకా, నేదునూరి బాణీలకు 2074 దాకా, బాలకృష్ణప్రసాద్ బాణీలకు 2085 దాకా రక్షణ ఉంది. రికార్డు గడువు తీరినంత మాత్రాన బాణీ గడువు తీరినట్టు కాదు. 2012 సవరణ తెచ్చిన 31సి సెక్షన్ ప్రకారం, ఒకసారి రికార్డయిన పాటను అయిదేళ్ల తర్వాత వేరొకరు మళ్లీ పాడి విడుదల చేయవచ్చు. కానీ మాటకూ బాణీకీ హక్కుదారులైనవారికి ముందుగా తెలియజేసి, ఏడాదికి కనీసం 50 వేల ప్రతుల లెక్కన రాయల్టీ చెల్లించాలి. మార్కెట్లో లెక్కకు అందనన్ని అన్నమయ్య ‘కవర్’ ఆల్బంలు ఉన్నాయి. వాటిని తీసేవారిలో ఎక్కువమంది అన్నమయ్య పాటకు హక్కులేముంటాయన్న నమ్మకంతోనే తీస్తున్నారు. వాళ్ల దురుద్దేశం కాదు, ఆ బాణీ ఎవరిదో చెప్పే అధికారిక పట్టిక చేతికందేలా ఎక్కడుంది?

న్యాయమైన అభ్యంతరం ఒకటుంది. బాణీ కట్టినవారిలో కొందరు దేవస్థానం ఉద్యోగులు. ఉద్యోగంలో భాగంగా చేసిన సృష్టికి, వేరే ఒప్పందం లేకపోతే, తొలి హక్కుదారు యజమానే అని 17వ సెక్షన్ చెబుతుంది. జీతం ఇచ్చాం, ఆస్థాన విద్వాంసులుగా శాలువా కప్పాం, ఇంకేం బాకీ అనవచ్చు. దీనికి మూడు జవాబులున్నాయి. అందరూ ఉద్యోగులు కారు. కొందరిది గౌరవ అనుబంధం, కొందరు బయటి నుంచి వచ్చి పని చేశారు, కొందరు చేరకముందే, విరమించాక కూడా బాణీలు కట్టారు. ఏ బాణీ ఏ హోదాలో పుట్టిందో కాగితం చూస్తేగాని తేలదు. 2012 సవరణ తర్వాత, సినిమాలో భాగం కాని శబ్దముద్రణ మీద వచ్చే రాయల్టీలో స్వరకర్తకు సమాన వాటా ఉందనీ, హక్కు రాసిచ్చినా ఆ వాటా పోదనీ చట్టం అంటోంది. ఉద్యోగిగా కట్టిన బాణీకి ఇది ఎంతవరకు వర్తిస్తుందో న్యాయవాదుల మధ్య వాదన ఉంది. మూడోదాన్నే నేను గట్టిగా పట్టుకుంటాను. 57వ సెక్షన్ ఇచ్చే నైతిక హక్కు, అంటే ఈ సృష్టి నాది అని చెప్పుకునే హక్కు, యాజమాన్యం ఎవరిదైనా సృష్టికర్తకే ఉంటుంది, అతని తర్వాత వారసులు కోరవచ్చు. డబ్బు గురించి ఎన్ని వాదాలైనా ఉండనివ్వండి, పేరు విషయంలో వాదానికి తావే లేదు.

చట్టంలోనూ ఒక లోటు ఉంది. రికార్డు మీద, దాని అట్ట మీద ఏమేం ముద్రించాలో 52ఏ సెక్షన్ చెబుతుంది. నిర్మాత పేరు, హక్కుదారు పేరు, తొలిసారి వెలువడిన సంవత్సరం. స్వరకర్త పేరు ముద్రించాలన్న నిబంధన అందులో లేదు. పాటను పళ్లెంగా కొనే కాలం పోయి ఫైలుగా వినే కాలం వచ్చాక ఆ లోటు ఇంకా పెద్దదైంది. ఫైలులో నింపని పేరు ఏ యంత్రానికీ కనబడదు, ఏ చెల్లింపూ దాని వెనక నడవదు. మన న్యాయస్థానాలకు ఈ బాధ తెలియనిది కాదు. 1977లో ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీ కేసులో తీర్పు సినిమా నిర్మాతల వైపు వెళ్లినా, జస్టిస్ కృష్ణయ్యర్ విడిగా రాస్తూ గాయకుడికి చట్టంలో హక్కే లేకపోవడం భారతీయ సంగీత స్వభావానికి విరుద్ధమని బాధపడ్డారు. పార్లమెంటు ఆ మాట అందుకుని ప్రదర్శకుల హక్కు తేవడానికి 1994 దాకా పట్టింది. శ్రీకాళహస్తి, తిరుపతుల్లో చదువుకున్న ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యానికి 2017లో ఇళయరాజా, తన బాణీలను అనుమతి లేకుండా పాడవద్దంటూ పంపిన నోటీసు ఈ గొడవను ఇంటింటి చర్చగా మార్చింది. అప్పుడు చాలామంది స్నేహం తెగిందని బాధపడ్డారు. బాణీకి యజమాని ఉంటాడన్న సంగతి సామాన్య శ్రోతకు మొదటిసారి తెలిసింది కూడా అప్పుడే.

ఇతరులు ఎలా లెక్కిస్తున్నారు

అమెరికాలో స్పానిష్ మాట్లాడేవారి పాటలు ఒకప్పుడు ఇంగ్లీషు మార్కెట్ పక్కన మూలన పడి ఉండేవి. బిల్‌బోర్డ్ 1980ల మధ్యలో లాటిన్ పాటలకు, ఆల్బంలకు వేరుగా పట్టికలు మొదలుపెట్టింది. రికార్డింగ్ పరిశ్రమ సంఘం 2000లో లాటిన్ ఆల్బంలకు ‘డిస్కో దె ఓరో’, ‘ప్లాటినో’ అంటూ ప్రత్యేక ధ్రువీకరణ తెచ్చింది. మామూలు ఆల్బం ప్లాటినం కావాలంటే పది లక్షల ప్రతులు, లాటిన్ ఆల్బంకు ఇప్పుడు 60 వేలు చాలు. చిన్న మార్కెట్‌కు దాని కొలతే పెట్టడం వల్ల పెట్టుబడి పెట్టేవాడికి నమ్మకం కుదిరింది, బేరమాడే గాయకుడి చేతికి ఒక అంకె వచ్చింది. ప్యూర్టోరికో గాయకుడు బ్యాడ్ బన్నీ పూర్తిగా స్పానిష్‌లో పాడిన ‘అన్ వెరానో సిన్ టీ’ 2022లో 13 వారాలు బిల్‌బోర్డ్ ప్రధాన పట్టిక శిఖరాన నిలిచి, ఆ ఏడాది మొత్తానికీ మొదటి ఆల్బం అయింది. పట్టికలు ప్రతిభను పుట్టించవు. కానీ నలభై ఏళ్లుగా ఎవరో లెక్క రాయకపోతే ఆ ప్రతిభకు దక్కాల్సింది దక్కేది కాదు. దక్షిణ కొరియాలో సంగీత పరిశ్రమ సంఘం 2010లో ప్రభుత్వ ప్రోత్సాహంతో గావోన్ పట్టిక మొదలుపెట్టింది, ఇప్పుడు దాని పేరు సర్కిల్. కె-పాప్ అంకెలకు విశ్వసనీయత అక్కడి నుంచి వచ్చింది.

మన దగ్గర? ఇండియన్ మ్యూజిక్ ఇండస్ట్రీ 2021లో స్ట్రీమింగ్ లెక్కలతో మొదలుపెట్టిన వారపు పట్టిక విదేశీ పాటలకే పరిమితం. బిల్‌బోర్డ్ 2022లో భారత్‌కు ప్రకటించిన పట్టిక దేశమంతటికీ కలిపి 25 పాటలది. ఒక విదేశీ గాయని పాట మన దేశంలో ఈ వారం ఎన్నో స్థానంలో ఉందో తెలుసుకునే వీలుంది. చిత్తూరు నుంచి శ్రీకాళహస్తి దాకా రోజూ మోగే కీర్తన ఏడాదిలో ఎన్నిసార్లు విన్నారో చెప్పే బహిరంగ లెక్క మాత్రం లేదు. లెక్క లేనిచోట వాటా అడగడం వట్టిమాట.

ఆధ్యాత్మిక సంగీతాన్ని బజారు లెక్కలతో తూచవచ్చా అనేవారికి స్పెయిన్ అనుభవం చెప్పాలి. శాంటో డొమింగో డి సిలోస్ మఠంలోని బెనెడిక్టైన్ సన్యాసులు ఏనాడో పాడిన గ్రెగోరియన్ గానాన్ని రికార్డు కంపెనీ కొత్త అట్ట వేసి ‘చాంట్’ పేరుతో 1994లో అమెరికాలో విడుదల చేసింది. అది బిల్‌బోర్డ్ ప్రధాన పట్టికలో మూడో స్థానానికి ఎక్కింది, ఒక్క అమెరికాలోనే ఇరవై లక్షలకు పైగా ప్రతులు అమ్ముడుపోయాయి. ప్రార్థన కోసం పాడినది బజారులో పెద్ద సరుకు కావడానికి ప్రార్థించేవారి అనుమతి అవసరం పడదని దాంతో తేలింది. మన కథకూ దానికీ ఒక కీలకమైన తేడా ఉంది. గ్రెగోరియన్ గానంలో మాటా, స్వరమూ రెండూ మధ్యయుగాల నాటివి, స్వరలిపి ప్రతులు మిగిలాయి. అక్కడ బాణీ బాకీ అనే ప్రశ్నే రాదు. మనకు మాట పాతది, స్వరం నిన్నటిది. అందుకే ఆ దేశాల నమూనాను ఎత్తి తెచ్చుకుంటే సరిపోదు.

గడువు పొడిగించడం ఒక మార్గమని రికార్డు కంపెనీలు అంటాయి. యూరోపియన్ యూనియన్ 2011లో శబ్దముద్రణల రక్షణను 50 నుంచి 70 ఏళ్లకు పెంచింది. అమెరికా 2018 చట్టం 1957కూ 1972 ఫిబ్రవరి 15కూ మధ్య నాటి అక్కడి రికార్డులకు 2067 దాకా రక్షణ ఇచ్చింది. పాత టేపులను శుభ్రం చేసి నిలబెట్టడానికి డబ్బు కావాలి, ఏకహక్కు లేకపోతే ఎవరు పెడతారన్నది వాళ్ల వాదన. నేను ఒప్పుకోను. అరవై ఏళ్లలో ఎన్నో రూపాల్లో అమ్ముడైన టేపుకు ఇంకో పదేళ్లు ఇచ్చినా పాడినవారికి, బాణీ కట్టినవారికి దానంతట అదే ఏమీ చేరదు. అయితే యూరప్ చట్టంలో ఒక నిబంధన మనం ఆలోచించదగ్గది. ఏకమొత్తం పుచ్చుకుని హక్కులు వదులుకున్న సహకార వాద్యకారుల కోసం, పొడిగించిన కాలంలో వచ్చే ఆదాయంలో 20 శాతం నిర్మాత పక్కన పెట్టాలి. ఒకనాటి ఒప్పందం చట్టబద్ధమే అయినా, దాని ఫలం ఎవరూ ఊహించనంతగా పెరిగినప్పుడు కొంత వెనక్కి ఇవ్వాలన్న సూత్రం అది.

లాటిన్ అమెరికాలో ఇంకో దారి ఉంది. అర్జెంటీనాలో హక్కు గడువు తీరిన రచనలను వ్యాపారానికి వాడుకున్నా రుసుము కట్టాలి. ఆ సొమ్ము 1958లో ఏర్పాటైన జాతీయ కళానిధికి వెళ్లి కొత్త కళాకారులకు సాయం అవుతుంది. ఉరుగ్వేలోనూ ఇలాంటి పద్ధతి ఉంది. దేవస్థానం కూడా అన్నమయ్య మాటకు రుసుము పెట్టి నిధి చేయవచ్చు కదా అన్న వాదన వినసొంపుగా ఉంటుంది. దానికి నేను వ్యతిరేకం. జాజరపాటలా, జోలపాటలా జనంలో తిరగాలని రాసిన మాటకు కంచె వేస్తే, రేకులను భాండాగారంలో మళ్లీ పెట్టి తాళం వేసినట్టే. మాట ఎప్పటికీ ఉచితంగా ఉండాలి. రుసుము ఉంటే అది బతికున్న హక్కు మీదే, అంటే బాణీ మీదే, అదీ వ్యాపారం చేసేవారి దగ్గరే.

భక్తులకు భయం అక్కర్లేదు

‘దేవుడి పాటకు డబ్బు లెక్కలా’ అని నొచ్చుకునేవారి మనసు నాకు అర్థమవుతుంది. ధనుర్మాసంలో వీధుల్లో తిరిగే భజన బృందాన్ని రసీదు అడుగుతారేమోనన్న జంకు సహజమే. చట్టం ఆ జాగ్రత్త ముందే తీసుకుంది. మతపరమైన క్రతువుల్లో, పెళ్లి ఊరేగింపులతో సహా, పాడుకోవడం ఉల్లంఘన కాదని 52వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. టికెట్ లేని ఔత్సాహిక బృందాల ప్రదర్శనకూ, ధార్మిక సంస్థ ప్రయోజనం కోసం వాళ్లు పాడే పాటకూ అదే మినహాయింపు ఉంది. పూజగదిలో పాడుకునే అమ్మకూ, కాణిపాకం గుడి ముందు పాడే పిల్లలకూ ఈ చర్చతో ఏ ఇబ్బందీ లేదు. బాధ్యత పడేది ప్రకటనల ఆదాయం తీసుకునే చానెళ్ల మీద, ఆల్బంలు అమ్మే సంస్థల మీద, వాళ్ల దగ్గర కమిషన్ తీసుకునే వేదికల మీద. పాడేవాడు భక్తితో పాడినా, వేదిక మాత్రం ప్రకటన వేసి డబ్బు చేసుకుంటూనే ఉంది. అందులో స్వరకర్త ఇంటికి ఒక రూపాయి వెళితే భక్తికి లోటేమీ రాదు.

చేయవలసిన పనుల్లో మొదటిది ఖర్చు తక్కువైనది, కష్టం ఎక్కువైనది. ప్రతి కీర్తనకూ రేకు సంఖ్య, రేకు మీది రాగం, ఇప్పుడు పాడే రాగం, బాణీ కట్టినవారి పేరు, కట్టిన సంవత్సరం, తొలి ముద్రణ, ఒప్పందపు స్థితి, ఇవన్నీ ఒకేచోట దొరికే బహిరంగ పట్టిక కావాలి. ఒకే కీర్తనకు ఇద్దరు ముగ్గురు బాణీలు కట్టిన సందర్భాలున్నాయి, అవన్నీ విడివిడిగా నమోదవ్వాలి. పుస్తకాల్లో ఉన్న సమాచారం కొంత, ప్రాజెక్టు ఫైళ్లలో కొంత, శిష్యుల జ్ఞాపకంలో చాలా ఉంది. వేలాది పుస్తకాలను ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టిన సంస్థకు ఈ పట్టిక అసాధ్యం కాదు. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, దేవస్థానం సంగీత కళాశాల పరిశోధక విద్యార్థులకు ఇంతకన్నా విలువైన పని ఏముంటుంది?

పట్టిక సిద్ధమయ్యాక, శ్రీ వేంకటేశ్వర భక్తి చానెల్‌తో మొదలుపెట్టి, దేవస్థానం తన ప్రతి ప్రసారంలో, ప్రతి ఫైలులో స్వరకర్త పేరు తప్పనిసరి చేయాలి. 2008 నుంచి ప్రసారాలు చేస్తున్న సంస్థ తన ఇంట్లో పాటించిన పద్ధతినే బయటివారిని అడగగలదు. తన రికార్డింగులను వాణిజ్య సంస్థలకు ఇచ్చేటప్పుడు ఒప్పందంలో రెండు షరతులు పెట్టాలి. పేరు చెరపకూడదు, విన్న లెక్క ఏటా బయటపెట్టాలి. తనకు వచ్చే సంగీత ఆదాయంలో యూరప్ పెట్టుకున్న ఆ 20 శాతాన్ని స్వరకర్తలకు, పక్కవాద్యకారులకు, వారి కుటుంబాలకు కేటాయించవచ్చు. చట్టం బలవంతపెట్టలేని చోట కూడా, 17వ సెక్షన్ చాటున నిలబడకుండా, తనంతట తాను ఇవ్వవచ్చు. ఏటా 5 వేల కోట్ల రూపాయలు దాటిన బడ్జెట్ ఉన్న సంస్థకు ఇది భారం కాదు. 1979లో ఒక గాయని కోసం దారి వెతికిన సంస్థ ఇదే. ఇప్పుడు చేయవలసింది అప్పుడు చేసినదానికి కొనసాగింపు మాత్రమే.

గడువు తీరిన ముద్రణల సంగతి కొంత వేరు. సుప్రభాతాన్ని ఇప్పుడు ఎవరైనా విడుదల చేయవచ్చు గనుక, నాసిరకం ప్రతులు, గొంతును యంత్రంతో సాగదీసిన ప్రతులు, మధ్యలో ప్రకటనలు దూర్చిన ప్రతులు కుప్పలుగా వస్తాయి. దానికి విరుగుడు నిషేధం కాదు, మేలైన ప్రతి. మూల టేపు నుంచి తీసిన శుభ్రమైన ముద్రణను దేవస్థానం, సరిగమ కలిసి ఉచితంగా అందుబాటులో ఉంచితే వినేవాడు నాసిరకం దగ్గరికి వెళ్లడు. సరిగమ ఆ టేపుపై సంపాదన కొనసాగించదలిస్తే వేదపాఠశాల వాటానూ కొనసాగించాలని దేవస్థానం అడగాలి. గడువు తీరిన ముద్రణ మీద ఇంకా హక్కు ఉన్నట్టు వేదికల్లో క్లెయిములు పడితే, సవాలు చేయడానికి ఊరి గుడి కమిటీకి తాహతు ఉండదు. ఆ పనికీ దేవస్థానం న్యాయ విభాగమే ముందుకు రావాలి. కేంద్రం స్థాయిలో అడగవలసింది చిన్న సవరణ. 52ఏలో స్వరకర్త పేరు చేర్చి, దాన్ని డిజిటల్ ఫైళ్లకూ వర్తింపజేయడం. రాయలసీమ ఎంపీలు ఏ పార్టీవారైనా దీన్ని అడ్డుకునే కారణం నాకు కనబడదు.

కాలం మాత్రం ఎక్కువ లేదు. రాళ్లపల్లి బాణీల హక్కు 2039తో తీరుతుంది, వెనువెంటనే పంచరత్నమాల ముద్రణలవీ తీరుతాయి. ప్రాజెక్టు తొలినాళ్లలో స్టూడియోలో కూర్చున్న మృదంగ విద్వాంసులు, తంబూర పట్టినవారు, బాణీ కుదురుతున్నప్పుడు పక్కన కూర్చుని నేర్చుకున్న శిష్యులు ఇప్పుడు డెబ్బయ్యో ఎనభయ్యో పడిలో ఉన్నారు. ఏ వరుస ఎవరిదో, ఏది మొదట ఎక్కడ పాడారో కాగితం లేనిచోట చెప్పగలిగేది వాళ్లే. అన్నమాచార్య కళామందిరంలో ఒక గది, రికార్డింగ్ తెలిసిన ఇద్దరు మనుషులు, స్వరం రాయగల నలుగురు విద్యార్థులు ఉంటే ఈ వచ్చే జయంతికే ఆ సాక్ష్యాల నమోదు మొదలుపెట్టవచ్చు.